పున్నమ్మ మోటారు షెడ్డులోకి ఎందుకు వెళ్ళింది

"పెట్టె దించండి. లోపలికి వీల్లేదు."

సంఘపెద్ద జక్రయ్య సమాధుల దొడ్డి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. మోసుకొస్తున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోపల గుంట తవ్వి సిద్ధంగా ఉంది. పాస్టరుగారు బైబిలు చంకలో పెట్టుకుని, ఈ గొడవతో తనకు సంబంధం లేనట్టు గోడ నీడకు జరిగాడు. చివరికి పున్నమ్మ ఉన్న పెట్టెను రోడ్డు పక్కన ఆపిన ట్రాక్టరు ట్రక్కు మీద దించారు.

పెట్టె వెనకాలే నడిచొస్తున్న ఖాజాబీకి ఏం జరుగుతోందో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె కన్ను మూయలేదు. రంజాన్ నెల. తెల్లవారుజామున మెతుకు గొంతు దిగకపోతే గ్లాసుడు నీళ్ళు తాగి ఉపవాసం పట్టింది. ఇప్పుడు నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉంది.

"ఏంది జక్రయ్యన్నా ఇది?"

"రూలు ఖాజాబీ. పురుగుమందు తాగి పోయినోళ్ళకి ఇక్కడ చోటు లేదు. మా తమ్ముడి కొడుకు పోయినప్పుడు ఇదే గేటు దగ్గర ఇట్టాగే ఆపారు. కాలవ కట్ట మీద పెట్టుకున్నాం వాణ్ణి. వాళ్ళమ్మ అదిగో, అక్కడ నిలబడుంది. ఆవిడ మొహం చూస్తా నన్ను గేటు తియ్యమంటావా?"

ఖాజాబీ అటు చూసింది. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నేలచూపులు చూస్తోంది. జక్రయ్య చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి, గేటు తోసుకుని పోవచ్చు.

"మా పున్నమ్మ మందు తాగలా అన్నా."

"పోలీసులు రాశారుగా."

"వాళ్ళు ఏం రాశారు? కడుపునొప్పి తాళలేక అని రాశారు. దానికి కడుపునొప్పా! మేకులు మింగినా అరిగించుకునేది కదన్నా అది!"

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గుగా మార్చుకున్నారు.

పున్నమ్మ కొడుకు జయపాల్ తలెత్తలేదు. కోడలు మహిమ ట్రక్కు చక్రాన్ని ఆనుకుని ఒంటరిగా నిలబడింది. ఆమె చుట్టూ గజం దూరంలో ఒక్క మనిషి లేడు. నిన్న పొద్దున అత్తాకోడళ్ళు మాడిన పప్పు గురించి మాటా మాటా అనుకున్నారు. "నేను చచ్చినాక తెలుస్తదిలేవే నా విలువ" అని వీధంతా వినపడేలా అరిచి పున్నమ్మ మిరపకాయల కోతకు వెళ్ళింది. మధ్యాహ్నానికి చచ్చిపోయింది. ఊరికి ఇంక వేరే సాక్ష్యం ఎందుకు?

"తాగకపోతే, కోత మధ్యలో వదిలేసి ఒక్కతే మోటారు షెడ్డులోకి వెళ్ళి తలుపెందుకు వేసుకుంది?" అన్నాడు జక్రయ్య. "పక్కనే మూత తీసిన పురుగుమందు డబ్బా ఉంది. మీ అబ్బాయి అస్లాం లాంటి బుద్ధిమంతుడు టైముకి బండి మీద ఎక్కించుకున్నాడు కాబట్టి అద్దంకి ఆసుపత్రి దాకా అయినా పోయింది."

"నా వల్ల వెళ్ళింది షెడ్డులోకి."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నేను రోజా ఉన్నానని. ఈ నెలంతా నా ఎదురుగా గుక్కెడు నీళ్ళు తాగేది కాదది. ఎండకి నోరెండిపోతున్నా సరే. ఎందుకే ఈ చాదస్తం, తాగవే అని తిట్టినా వినదు. 'నువ్వు నోరు కట్టుకుని కాయ కోస్తా ఉంటే నేను నీ ముందు గటగటా తాగనా, సిగ్గు లేదా నాకు' అనేది. షెడ్డులోకి పోయి, తలుపు దగ్గరికేసి తాగొచ్చేది. మూతి కూడా తుడుచుకుని వచ్చేది."

పున్నమ్మ చూపించిన ఆ మర్యాదే ఇప్పుడు పున్నమ్మను గేటు బయట నిలబెట్టింది.

"కరోనా వచ్చి పోయినాక దానికి ముక్కు పనిచెయ్యదు. నోటికి రుచి కూడా తెలవదు. పప్పు మాడిందని గొడవ పడిందంటున్నారే, మాడిన సంగతి దానికి నేను చెబితేనే తెలిసింది. కూర పాచిపోయిందో లేదో నేనే వాసన చూసేదాన్ని. అది నీళ్ళనుకుని తాగిందన్నా."

జక్రయ్య గేటు కడ్డీ పట్టుకున్నాడు.

"పన్నెండింటికే కరెంటు పోయింది. మోటారు ఆడలా. షెడ్డులో నీళ్ళెక్కడివి?" అన్నాడు మెల్లగా. "పోనీ, వాసన తెలియకే తాగిందనుకుందాం. మందు తనంతట తాను నీళ్ళ సీసాలోకి నడిచొచ్చిందా? ఎవరో పోసుండాలి. ఆ పేరు చెప్పు. ఇక్కడ, అందరి ముందు చెప్పు. మొదటి పిడికెడు మట్టి నేనే వేస్తా. పొద్దుగూకేదాకా ఆగుతాం. ఆ తర్వాత నా వల్ల కాదు తల్లీ, ఎండలు చూస్తన్నావుగా."

ఖాజాబీ చెంగు తల మీదకు లాక్కుని చేల వైపు నడిచింది. మహిమ రెండడుగులు వెంట వచ్చింది.

"అత్తా... నా మాట నమ్ముతావా?"

"నమ్మబట్టేగా పోతున్నా. మీ అత్త దగ్గర కూర్చో. ఈగలు తోలు."

*

కాలవ గట్టు మీద నడక కొత్త కాదు ఆమెకు. ఒక్కతే నడవడం కొత్త.

కోతల్లో ఇద్దరికి ఒక సాలు. ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు. చీరల మీద మగవాళ్ళ ఫుల్ చొక్కాలు తొడుక్కుని, నడుముకు ఒడి కట్టుకుని వంగితే, మిరప కొమ్మల సందుల్లోంచి ఎదుటి మనిషి చేతులే కనపడతాయి. మొహం కనపడదు. పెళ్ళై ఈ ఊరొచ్చిన ఏడాది నుంచి ఖాజాబీ చూసింది పున్నమ్మ చేతుల్నే. మిరప ఘాటుకు ఎర్రగా కాలి, చర్మం లేచిపోయిన వేళ్ళు. ఆ వేళ్ళను బట్టి ఆ రోజు మనిషి కోపంగా ఉందో, ఏడుస్తోందో, ఎవరి మీద కబుర్లు మోసుకొచ్చిందో చెప్పగలిగేది.

ఆ రోజుల్లో ఆసామి ఇంటివాళ్ళు పున్నమ్మకు నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. మొదటి రోజే ఖాజాబీ తన సత్తు చెంబు చేతికిస్తే, పున్నమ్మ దాన్ని పట్టుకుని తాగకుండా అలాగే చూసింది. "ఎంగిలైద్ది" అంది. "అయితే అయిద్ది, కడిగే ఓపిక నీకు లేకపోతే చెప్పు" అంది ఖాజాబీ. చెంబులు పోయి కూల్‌డ్రింకు సీసాలు వచ్చినా ఇద్దరిదీ ఒకే ఎంగిలి. పున్నమ్మ సీసా అయిపోతే ఖాజాబీ సీసా, ఖాజాబీది అయిపోతే పున్నమ్మది. అడగడం లేదు, ఇవ్వడం లేదు. ఎవరి చేతికి ఏది అందితే అది.

పున్నమ్మ మొగుడు మార్టూరు రాళ్ళ పాలిషింగులో చేరి, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు గడ్డకట్టి పోయాడు. ఆ దినాలు గడవగానే కోతకు వచ్చి, సాలులో వంగి, అటువైపు నుంచి చర్చి పాట అందుకుంది. రోజూ ఆ పాటలే వినీ వినీ ఖాజాబీకి కూడా నోటికొచ్చేశాయి. ఒకసారి పెళ్ళివారింట్లో కూరగాయలు తరుగుతూ పైకి పాడేసి చీవాట్లు తింది.

పున్నమ్మ పవిత్రురాలేమీ కాదు. ఒళ్ళో కాయలన్నీ ఆసామి బుట్టలో పోసినట్టే పోసి, గుప్పెడు రవికలోకి తోసేది. ఆదివారం ప్రార్థనలో ఒప్పుకునేది. సోమవారం మళ్ళీ తోసేది. "ఒప్పుకుంటన్నాగా, ఇంకేం కావాలే ఆయనకి?" అనేది.

ఖాజాబీకి అస్లాం పుట్టింది పత్తి చేలోనే. నొప్పులొస్తే పున్నమ్మే చొక్కా విప్పి కింద పరిచింది. పురిటి బిడ్డను మొదట ఎత్తుకున్నవి ఆ కాలిన వేళ్ళే.

*

కౌలు రైతు ఖాజావలి కల్లంలో ఎండిన కాయల మీద పట్టాలు కప్పుతున్నాడు. ఆమెను చూసి పట్టా వదిలేశాడు.

"అక్కా, నా మీదకి తేవాకు. డబ్బా నాదే, ఒప్పుకుంటా. కానీ దాన్ని నేను అటక మీద పెట్టిచ్చా. మూత బిగిచ్చి పెట్టిచ్చా. పోలీసులకి ఇదే చెప్పా."

"కిందకెవరు దించారు?"

"నిన్న పొద్దున మందు కొట్టిచ్చాగా పై మడికి. కొట్టినోళ్ళు దించి ఉంటారు."

ఖాజాబీ షెడ్డులోకి వెళ్ళింది. తలుపు దగ్గరికేసి చూసింది. లోపల చీకటి. కిటికీ లేదు. వేసవి వేడికి రేకు నుంచి సెగ దిగుతోంది. మూలన పున్నమ్మ అన్నం సంచి అలాగే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అందులోంచి పున్నమ్మ సీసా తీసింది. ఖాళీ. మూత బిగించి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మంచినీళ్ళ సీసాకు ఉండే పాత వాసన తప్ప ఏమీ లేదు.

అంటే పున్నమ్మ తన నీళ్ళు తాగేసింది. దాహం తీరలేదు. మోటారు ఆడలేదు. మరి తర్వాత ఏ సీసా అందుకుంది?

"ఖాజావలీ, ఇక్కడ ఇంకో సీసా ఏమన్నా చూశావా?"

"నీ సీసా తప్ప ఇంకేం చూడలా."

ఖాజాబీ గుమ్మంలో ఆగిపోయింది.

"నా సీసానా?"

"అదే, ఆకుపచ్చది. నీ పాత చీర ముక్కతో తొడుగు కుట్టుకున్నావే, చల్లగా ఉంటదని. ఆ మేకుకి వేలాడతా ఉంది నిన్న పొద్దున." ఖాజావలి అంత బాధలోనూ ఒక పక్కకు నవ్వాడు. "చూసి అనుకున్నాలే, అక్కకి షుగర్ గదా, ఉపవాసం ఎగ్గొట్టి చాటుగా తాగుతందేమో అని. నేనెవరికీ చెప్పలా."

మేకు ఖాళీగా ఉంది.

నెలవంక కనపడ్డ రోజునే ఆ సీసా కడిగి, బోర్లించి, వంటగది గూట్లో పెట్టింది ఖాజాబీ. పండగ దాకా దానితో పని లేదు. నిన్న పొద్దున ఆమె కోతకు ఒట్టి చేతులతో వచ్చింది.

"మందు కొట్టింది ఎవరు నిన్న?" అని అడిగింది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు ఉంది గొంతు.

"నీకు తెలవకపోవటం ఏందక్కా?" అన్నాడు ఖాజావలి.

*

గూట్లో సీసా లేదు. దాని కింద ఉండే గుండ్రటి నీటి మరక మాత్రం ఉంది.

అస్లాం వెనక వాకిట్లో వీపుకు తగిలించుకునే స్ప్రేయరును కడుగుతున్నాడు. కడిగిందే కడుగుతున్నాడు. తల్లి వచ్చి గుమ్మంలో కూర్చోవడం చూసి పైపు ఆపాడు.

"మట్టి అయిపోయిందా అమ్మా?"

"నా సీసా ఏదిరా?"

వాడు చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. అరవడానికి, కొట్టడానికి ఖాజాబీలో శక్తి లేదు. గుమ్మానికి తల ఆనించింది.

"చెప్పు. నాకు ఓపిక లేదు."

"కాలవలో పడేశా." తర్వాత ఒకేసారి బయటపడ్డాడు. "అందరూ మిగిలిస్తారమ్మా. కొలత కన్నా కాస్త తక్కువ కలిపి, మిగిలింది తెచ్చుకుంటాం. మన అరెకరం పత్తికి కొడదామనుకున్నా. డబ్బా ఎత్తుకురాలేనుగా. నీ సీసా ఎటూ ఖాళీగా ఉంది, తొడుగు ఉంటే లోపలేముందో కనపడదు. సాయంత్రం తెచ్చుకుందామని మేకుకి తగిలిచ్చా. రోజా నెలలో నీ సీసా ఎవరు ముట్టుకుంటారనుకున్నా!"

"పున్నమ్మ ముట్టుకుంటదిరా. నా సీసా అయితేనే ముట్టుకుంటది."

అస్లాం మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఇరవై ఏడేళ్ళ మనిషి, చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఏడ్చినట్టే, భుజాలు ఎగరేస్తూ ఏడ్చాడు.

"తలుపు తీసేసరికి సీసా పక్కన పడుంది. నువ్వు పిన్నిని పట్టుకుని అరుస్తన్నావు. దాన్ని చొక్కాలో దోపుకున్నా. బండి మీద పోతన్నంతసేపూ పొట్టకి తగుల్తానే ఉందమ్మా."

"డాక్టరుకి ఏం మందో చెప్పావా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

ఖాజాబీ కళ్ళు మూసుకుంది. బండి మీద వాడికీ తనకూ మధ్య పున్నమ్మ ఒరిగిపోతుంటే, తన కాలిన చేతులతో ఆమెను హత్తుకుని కూర్చోవడం గుర్తొచ్చింది. పున్నమ్మ మాట్లాడలేకపోయింది. కానీ వేళ్ళతో ఖాజాబీ మణికట్టును పట్టుకుంది. అప్పుడేం చెప్పాలనుకుందో ఆ వేళ్ళను బట్టి తెలియలేదు. మొదటిసారి తెలియలేదు.

"అమ్మా, ఇప్పుడు చెబితే ఏమొస్తది? పిన్ని లేచొస్తదా?" అస్లాం మోకాళ్ళ మీద దగ్గరికి జరిగాడు. "ఖాజావలి డబ్బా మూత తీసి పెట్టాడని చెప్పు. సరిపోద్ది. కాదా, కోడలు పోరు పడలేక అంటన్నారు, అననీ. నన్ను స్టేషన్‌కి తీసుకుపోతారమ్మా. దొంగతనం అంటారు. చంపాడంటారు."

"నీ చేతులు చూపించు."

వాడు అయోమయంగా చేతులు చాపాడు. ఆమె వాటిని, సాలులో పున్నమ్మ చేతుల్ని చూసినట్టే చూసి, వదిలేసి, గోడ పట్టుకుని లేచింది.

"ఎక్కడికమ్మా?"

"పొద్దుగూకుతంది."

*

తిరిగొచ్చే దారంతా ఆమె ఒకే మాట కూడబలుక్కుంది. నేనే పోశాను. సీసా నాదే గదా. ముసలిదాన్ని, షుగరున్నదాన్ని, నన్నేం చేస్తారు? తెలియక పోశాను, మర్చిపోయాను అంటే నమ్ముతారు. చెప్పడం ఎంతసేపు? అంతా చాలా తేలిగ్గా కుదిరిపోతోంది. గేటు కనిపించేసరికి మాట నోట్లో సిద్ధంగా ఉంది.

గేటు దగ్గర జనం పలచబడ్డారు. మహిమ ట్రక్కు మీద కూర్చుని, కొంగుతో పెట్టె మీద ఈగలు తోలుతోంది. కింద జయపాల్ ఎవరికో ఫోన్ చేస్తూ, "రేపే వాళ్ళ పుట్టింటికి పంపిచ్చేస్తా" అంటున్నాడు. మహిమ వింటూనే ఉంది. చెయ్యి ఆపలేదు.

కాస్త దూరంగా అస్లాం బండి ఆగిన చప్పుడు. వాడు వెంటే వచ్చాడు. దిగలేదు.

"చెప్పు ఖాజాబీ," అన్నాడు జక్రయ్య.

"పున్నమ్మ తాగింది నా సీసాతో." ఆమె గొంతు చిన్నగా వచ్చింది. జనం దగ్గరికి జరిగారు. "నాది కాబట్టే తాగింది. వేరేవాళ్ళ సీసా అయితే వాసన చూడ్డానికి నన్ను పిలిచేది. నా తొడుగు చేతికి తగలగానే మూత తీసి ఎత్తి ఉంటది. దాని జన్మలో వాసన చూడకుండా, అడక్కుండా ఎత్తి తాగింది నా సీసా ఒక్కటే."

"అంటే నువ్వు..."

సిద్ధంగా ఉన్న మాట అక్కడే ఆగిపోయింది. నేనే పోశానంటే జనం నమ్ముతారు. జక్రయ్య నమ్ముతాడు. పున్నమ్మ నమ్మకం ఒక్కటే అబద్ధమైపోతుంది. ఖాజాబీ సీసాలో విషముందని ఊరు చెప్పుకుంటుంది. అన్నేళ్ళు పంచుకున్న ఎంగిలికి మిగిలేది అదా?

"నేను కాదు," అంది ఖాజాబీ.

మసీదు మైకు గరగరలాడింది. అజాన్ మొదలైంది. ఉపవాసం విడిచే వేళ. మహిమ ట్రక్కు దిగి, ఎవరి దగ్గరో అడిగి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"తాగి చెప్పమ్మా," అన్నాడు జక్రయ్య. ఇప్పుడు ఆయన గొంతులో పెద్దరికం లేదు. "పొద్దుట్నుంచీ నోరు కట్టుకునున్నావు. తాగినాక చెప్పు. ఆగుతాం."

"తాగితే చెప్పలేనన్నా."

గ్లాసు అందుకోలేదు. ఆమె వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసింది. బండి మీద కూర్చున్న మనిషి చేతులు హ్యాండిల్‌ను వదిలేశాయి. పారిపోవాలంటే ఇంకా దారుంది. వాడు పోలేదు. కన్నతల్లి మొహంలోకే చూస్తున్నాడు, వద్దు అన్నట్టు కాదు, కానివ్వు అన్నట్టూ కాదు.

జయపాల్ ఫోన్ చెవి మీద నుంచి తీశాడు. "ఎవరు పిన్నీ? మా అమ్మని ఎవరు చంపారు?"

"ఖాజావలి చేలో మందు మిగుల్చుకుని, నా సీసాలో పోసి, మేకుకి తగిలిచ్చిందీ వాడే. పున్నమ్మ పడిపోయినాక సీసా దాచి, డాక్టరుకి కూడా చెప్పకుండా నోరు మూసుకుందీ వాడే. ఈ పిల్లని ఊరంతా వేలెత్తి చూపిస్తంటే ఇంట్లో కూర్చుందీ వాడే." ఖాజాబీ ఊపిరి తీసుకుంది. ఎండిన పెదవుల్ని నాలుకతో తడుపుకోబోతే తడి లేదు. "పున్నమ్మ చొక్కా మీద పుట్టినోడు. నా కొడుకు, అస్లాం."